పావు పొట్టకు నాలుగు జిలేబీలు

వండూర్ బీచ్‌లో "మొసళ్ళు ఉన్నాయి, జాగ్రత్త" అని బోర్డు పెట్టారు. దాని పక్కనే ఇంకో బోర్డు కూడా పెట్టాల్సింది: "సత్యవతి టీచర్ వస్తోంది, జిలేబీలూ మైకూ దాచుకోండి" అని. పెట్టలేదు. పెట్టకపోవడం వల్ల ఆరేళ్ళ క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఎంత ప్రళయం జరిగిందో ఇప్పుడు చెబుతాను. నీళ్ళలో ఉన్న మొసళ్ళు కూడా ఆ రోజు బయటికి రాలేదంటే మీరే ఊహించుకోండి.

ముందు నా సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. కాపురం మిడిల్ పాయింట్‌లో. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. నలభై మూడో ఏట జీర్ణాశయంలో క్యాన్సర్ అని తేలింది. చెన్నై తీసుకెళ్ళారు. అక్కడి సర్జన్ నా పొట్టలో ముప్పావు వంతు తీసేసి, మిగిలిన పావుకి పేగును కలిపి కుట్టేశాడు. ఆపరేషన్ అయింది, మందుల కోర్సూ అయింది. స్కాన్ చూసి ఆయన నవ్వాడు. "జబ్బు లేదమ్మా. ఇంటికెళ్ళి హాయిగా ఉండు. కానీ రోజుకి ఆరుసార్లు తిను, ఒక్కోసారి కాకి ఎంగిలంత. తీపి జోలికి పోకు."

"తింటే ఏమవుతుంది డాక్టర్?"

"తీపి పేగులోకి ఒక్కసారిగా జారిపోతుంది. గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం. ఆ తర్వాత పరిగెత్తాల్సి వస్తుంది."

"ఎక్కడికి?"

డాక్టర్ గది మూలనున్న బాత్రూమ్ తలుపు వైపు చూశాడు. పిల్లలకు భావార్థాలు నేర్పే దాన్ని, ఆ చూపు భావార్థం మాత్రం నా బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది, జబ్బు కంటే కోలుకోవడం కష్టమని. మా ఆయన సూర్యారావు ఒక ఆఫీసులో గుమాస్తా. నా పథ్యాన్ని ఆయన ఆఫీసు ఫైలులా నడిపించారు. రోజుకి ఆరు అలారాలు పెట్టారు. వంటింట్లోకి చిన్న తక్కెడ కొనుక్కొచ్చారు. ఇడ్లీని తూకం వేసే మొగుణ్ని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. తూకం ఎక్కువైతే అంచు తుంచి తను నోట్లో వేసుకునేవారు. అలా గడిచిన ఎనిమిది నెలల్లో నేను పన్నెండు కిలోలు తగ్గితే ఆయన నాలుగు కిలోలు పెరిగారు.

దీనికి తోడు తుష్నాబాద్ నుంచి మా వదిన రమణమ్మ, అంటే ఆయన అక్కగారు, కూరగాయల తోట కోడళ్ళకు అప్పజెప్పి నాకు కాపలా వచ్చింది. నేను మంచినీళ్ళ చెంబు ఎత్తితే చాలు, "ఓలమ్మో! దించీ! కుట్లు ఊడిపోతాయి!" అని వీధి చివరిదాకా వినబడేలా కేక. కుట్లు మానిపోయి అప్పటికి ఆరేడు నెలలు.

ఇక పరామర్శలు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటారు కదా. నా కడుపుకు లేని బాధ మిడిల్ పాయింట్ మొత్తానికీ ఉండేది. కొబ్బరి బోండాలు పట్టుకుని వరసగా వచ్చేవారు. ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మా చుట్టాలావిడకీ ఇదే జబ్బమ్మా, ఇదే ఆపరేషన్" అంది.

"అలాగా! ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాను ఆశగా.

"ఇప్పుడు లేరు."

బోండాం మాత్రం తియ్యగానే ఉంది.

బడికి వెళితే ఇదంతా వదిలిపోతుందనుకున్నాను. సెలవు పూర్తయి వెళ్ళేసరికి నా పదో తరగతిని లావణ్య టీచర్‌కి ఇచ్చేశారు. లావణ్య మంచి పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడితే జలపాతం. చదవమంటే మాత్రం ఎండిన వాగు. పద్యం చేతికిస్తే పాముని చూసినట్టు చూసేది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. నా పిల్లలు ఉత్పలమాలను పూల దండ అనుకుంటున్నారని విని నాకు ఉన్న పావు పొట్టా తరుక్కుపోయింది.

నాకు ఇచ్చింది లైబ్రరీ. "లైట్ డ్యూటీ." మా హెడ్‌మిస్ట్రెస్ బిశ్వాస్ మేడమ్ బెంగాలీ ఆవిడ. మాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేది. ఆవిడ గదికి వెళ్ళి నా పదో తరగతి నాకిమ్మని అడిగాను.

"సత్యవతీ, ఆప్ ఆరామ్ కరో" అంది. అంటే విశ్రాంతి తీసుకోమని.

"ఆరామ్ హో గయా మేడమ్."

"ఫిర్ భీ కరో."

అంతే. ఆ నెలంతా పుస్తకాల మీద దుమ్ము దులుపుతూ, నా మీద దుమ్ము పడకుండా చూసుకుంటూ గడిపాను. దులుపుతూనే నిశ్చయించుకున్నాను: నేను మామూలు మనిషినని అందరికీ ఒకేసారి, ఒకే చోట, రుజువు చేసి తీరాలి. మామూలు మనిషి అంటే ఏమిటి? నలుగురిలో నిలబడి తినేవాడు, నలుగురి ముందు నిలబడి మాట్లాడేవాడు. సరిగ్గా ఆ వారమే మా పీటీ సార్ రిటైర్మెంట్ పార్టీ వచ్చింది. వండూర్ బీచ్‌లో పిక్నిక్, భోజనాలు, ప్రసంగాలు. తెలుగు వాళ్ళ తరఫున మాట్లాడ్డానికి నేను పేరిచ్చేశాను.

"క్యా జరూరత్ హై?" అన్నారు మా ఆయన. "ఏమంత అవసరం? అంత దూరం బస్సులో కుదుపులు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆయనకి విషెస్ చెప్పొచ్చు కదా?"

"వెళతాను."

"ఎండ."

"గొడుగుంది."

"తిండి?"

"అక్కడ పెడతారు."

ఆ మాటకి ఆయన ముఖం పాలిపోయింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: వదిన వెంట వస్తుంది. వదిన వచ్చింది. గొడుగు, తువ్వాలు, గంజి ఫ్లాస్కు, నా పొట్ట బెల్టు, ఒక చాప, విసనకర్రతో సహా వచ్చింది. బస్సులో పిల్లలు లేచి ఆవిడ సామానుకి చోటిచ్చారు.

వండూర్‌లో ఆ రోజు సముద్రం అద్దంలా ఉంది. చెట్ల కింద షెడ్డులో స్పీకరు, వైరు లేని చేతి మైకు, పక్కనే పొయ్యి మీద వంటవాడు వేడివేడిగా జిలేబీలు వేస్తున్నాడు. నూనెలో చుట్టు తిరిగి, పాకంలో మునిగి, బంగారు గాజుల్లా పళ్ళెంలోకి వస్తున్నాయి. అప్పటికి కూడా, నమ్మండి, నాకు వాటి మీద దృష్టి లేదు. లెక్కల మేడమ్ వచ్చి చెవిలో మెల్లగా చెప్పకపోతే నేను పెరుగన్నం తిని బుద్ధిగా కూర్చునేదాన్ని.

"సత్యవతీ, నీ కోసం ఉప్పూ కారం లేకుండా మెత్తటి అన్నం విడిగా పెట్టించాం. ఆ చాప మీద పడుకుని తినేయ్, పాపం."

పడుకుని తినాలట. పైగా పాపమట! నాలో ఏదో తెగింది. చెన్నైలో కుట్టింది కాదు, వేరే ఏదో.

నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి పళ్ళెం చాచాను. వదినని ఎలా తప్పించానంటారా? "వదినా, అటు చూడు, నీళ్ళలో దుంగ కదులుతోంది. మొసలేమో!" అన్నాను. వదిన చేతిలో విసనకర్రతోనే మొసలిని చూడ్డానికి పరిగెత్తింది.

మొదటి జిలేబీ ఆకలికి తిన్నాను. రెండోది రుచికి. ఏడాది తర్వాత నాలుక మీద పడిన పాకం సుమండీ, నన్ను తప్పు పట్టకండి. మూడోది బిశ్వాస్ మేడమ్ చూస్తోందని తిన్నాను.

"అరే సత్యవతీ! ఠీక్ హో?"

"ఏక్‌దమ్ ఠీక్ మేడమ్!"

ఆవిడ ఇంకా చూస్తోంది. అందుకని నాలుగోది. దాని మీద గ్లాసుడు షర్బత్. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. పొట్ట కొద్దీ జిలేబీ అని కూడా అని ఉంటే ఈ అనర్థం తప్పేది. తప్పు పెద్దలది.

పావుగంటలో నా పేరు పిలిచారు. మైకు అందుకుని హుందాగా మొదలుపెట్టాను.

"పదవీ విరమణ అంటే పని నుంచి విరామమే కానీ..."

ఇక్కడ గుండె ఒక్కసారి ఎగిరింది. తర్వాత డింగీ పడవ ఇంజన్‌లా డబడబమని అందుకుంది. నుదుటి మీద చెమట, వీపు మీద చెమట, చీర కొంగు తడిసిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"...మా పీటీ సార్ మా... మాకు..."

ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. పీటీ సార్ జేబురుమాలు తీశారు. ఆటల పోటీలకని నా తెలుగు పీరియడ్లు ఎత్తుకుపోతున్నారని పదిహేనేళ్ళు ఆయనతో పోట్లాడాను. ఆయన పక్కవాళ్ళతో అంటున్నారు, "సత్యవతిగారికి నా మీద ఇంత అభిమానం ఉందని తెలీదు సుమా!"

సరిగ్గా అప్పుడే నా కడుపులోంచి ఒక ఉరుము వినిపించింది. డాక్టర్ చూపుకి భావార్థం ఏమిటో సంపూర్ణంగా బోధపడింది. పరిగెత్తాను. షెడ్డు వెనక ముప్పై అడుగుల దూరంలో సిమెంటు బాత్రూమ్. దుఃఖం ఆపుకోలేక వెళ్ళిపోతున్నాననుకుని వెనక నుంచి అందరూ చప్పట్లు కొట్టారు.

లోపలికెళ్ళి గడియ పెట్టాను. తర్వాతి పది నిమిషాలను వర్ణించడం తెలుగు టీచర్ల మర్యాద కాదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెతకి అంతకంటే దగ్గరగా నేనెప్పుడూ బతకలేదని మాత్రం చెప్పగలను. గండం గడిచాక మొహం కడుక్కుని, బక్కెట్ బోర్లించి దాని మీద కూలబడి గోడకి తల ఆనించాను. కళ్ళు ఇంకా తిరుగుతున్నాయి.

బయట అడుగుల చప్పుడు. ఆ వెనకే మా వదిన రాగం.

"ఓలమ్మో! నా మరదలు! బంగారం లాటి మనిసర్రా! ఎవుల్నీ ఒక్క మాట అనీది కాదు! సీమకి కూడా అపకారం సేసీది కాదు! ఒక్క నిమసం కన్ను మరల్సినాను, ఏటైపోనాదో!"

తర్వాత లావణ్య గొంతు, ఏడుపుతో: "మేడమ్ ఎంత బాగా చెప్పేవారు! పిల్లలంటే ఆవిడకి ఎంత ప్రాణం ఉండేది!"

నేను విన్నాను. కళ్ళు తిరుగుతున్నా నా వ్యాకరణం తిరగలేదు.

"చెప్పేవారు ఏమిటే, చెప్పేవారు? చెబుతారు! ఉండేది కాదు, ఉంది! నేను తలుపుకి ఇవతల బతికుండగా భూతకాలం వాడతావా?"

నా మాట నాకే దూరంగా, సముద్రం మీద నుంచి వచ్చినట్టు పెద్దగా వినిపించింది. తల తిరుగుతోంది కదా, చెవుల్లో హోరు అనుకున్నాను.

"దీదీ, ఏక్ మినిట్..." అంది లావణ్య.

"నువ్వు మాట్లాడకు!"

"దీదీ, అది కాదు, మీ చేతిలో..."

"నా చేతిలో ఏముంది? నా చేతిలో మీరేమన్నా ఉంచారా? ఇంట్లో ఇడ్లీలు తూకం వేస్తారు. చెంబు ఎత్తితే ఊరంతా వినేలా అరుస్తారు. బడివాళ్ళేమో చాప మీద పడుకుని తినమంటారు! కోసింది నా పొట్ట. నా బుర్ర కోయలేదు, నా గొంతు కోయలేదు! ఆ బిశ్వాస్ మేడమ్‌కి నేను దుమ్ము పట్టిన నిఘంటువులా కనిపిస్తున్నానా, తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది?"

మళ్ళీ అదే హోరు. నా ఆవేశానికి సముద్రం కూడా వంత పాడుతోందనుకుని ఇంకా రెచ్చిపోయాను.

"దీదీ, ప్లీజ్..."

"విను! నాకు భయం లేదనుకుంటున్నారా? ఉంది. ప్రతిసారీ స్కాన్ గది గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనుకుంటాను. మా ఆయన నిద్రపోయాక పొట్ట తడిమి చూసుకుంటాను. ఆ భయం నాది. అది నేను పడతాను, నాకు చేతనవును. నా బదులు మీరెవరూ పడక్కర్లేదు! నాకు కావలసింది జాలి కాదు, నా పదో తరగతి. నేను చావలేదు. పరీక్షలయ్యేదాకా చచ్చే ఉద్దేశం కూడా లేదు. ఆ తర్వాత జవాబు కాపీలు దిద్దాలి కాబట్టి అప్పుడూ కుదరదు!"

తలుపు సందులోంచి లావణ్య గొంతు, గుసగుసగా:

"దీదీ... మైక్ చాలూ హై."

కిటికీ గూట్లో చూశాను. కంగారులో చేత్తో తెచ్చేసిన మైకు అక్కడే ఉంది, ఎర్ర లైటు వెలుగుతూ. నేను దాని వైపు చూశాను. అది నా వైపు చూసింది. వచ్చినప్పటి నుంచీ వెలుగుతూనే ఉందని అర్థమయ్యాక, ఆ పది నిమిషాలు స్పీకర్లో ఏం వినిపించి ఉంటుందో అనే ఆలోచన వచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు ఈ రోజుకీ ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

అక్కడే ఉండిపోవచ్చా అని ఆలోచించాను. నీళ్ళున్నాయి, గాలి వస్తోంది. కానీ అంత ప్రసంగం చేసి దాక్కుంటే ఆ మాటలకి విలువేముంది? కొంగు సర్దుకుని, బెల్టు బిగించి, మైకు పట్టుకుని తలుపు తీశాను.

బడి మొత్తం అక్కడుంది. వాళ్ళ వెనక పాతికమంది టూరిస్టులు. తెలుగు ముక్క రాకపోయినా ఇదేదో వీరగాథ అనుకుని వాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు బిశ్వాస్ మేడమ్ నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

నన్ను కాపాడ్డానికి మా వదిన ఒక్క అడుగు ముందుకేసింది. "మేడమ్, గుస్సా నక్కో. ఇస్‌కా దిమాగ్ అచ్ఛా హై. జిలేబీ ఖాయా. ఓ జిలేబీ బోలా, ఏ నహీ బోలా!" మాట్లాడింది జిలేబీ, నేను కాదని ఆవిడ వాదన.

బిశ్వాస్ మేడమ్ వదిన వైపు చూసింది, నా వైపు చూసింది. అప్పుడు నోరు విప్పింది.

"దుమ్ము పట్టిన నిఘంటువా, సత్యవతీ? పోలిక బాగుంది."

తెలుగులో! తేటతెలుగులో! మా తెలుగు టీచర్లందరి మొహాల్లో నెత్తురు లేదు.

"మేడమ్... మీకు తెలుగు వచ్చా?" అన్నాను.

"ఇరవై ఏళ్ళ నుంచి మీ స్టాఫ్ రూమ్ పక్క గదిలో కూర్చుంటున్నాను. ఎలా రాదు? మీరు నన్ను ఏమేమంటారో అన్నీ అర్థమవుతాయి. వినడం బాగుండి ఊరుకున్నాను."

లెక్కల మేడమ్ నెమ్మదిగా చెట్టు చాటుకి జరిగింది.

"సోమవారం నుంచి టెన్త్ నీది" అంది మేడమ్. "లైబ్రరీ లావణ్య చూసుకుంటుంది. ఇప్పుడు వెళ్ళి ఆ చాప మీద పడుకో. జాలితో చెప్పడం లేదు. ఆర్డర్."

పడుకున్నాను. లావణ్య వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, "థాంక్స్ దీదీ, ఛందస్సు నుంచి బచాయించారు" అని కళ్ళు తుడుచుకుంది. అరగంటలో గుండె దారికొచ్చింది.

మా దీవుల్లో కబురు బస్సు కంటే ముందు ఇల్లు చేరుతుంది. మేం మిడిల్ పాయింట్‌లో దిగేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. తిడతారేమో అనుకున్నాను. నా చేతిలో గొడుగు అందుకుని, "పొట్ట తడిమి చూసుకుంటావటగా?" అన్నారు. "నేనూ చూస్తుంటాను, నువ్వు నిద్రపోయాక." అంటే ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే పొట్టకి కాపలా కాస్తున్నామన్నమాట. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వాం. కుట్లు ఊడిపోతాయని వదిన అరిచింది. ఊడలేదు.

సోమవారం చీరకి గంజి పెట్టి, జడలో పువ్వు పెట్టుకుని, పదో తరగతికి బయల్దేరాను. ముస్తాబు వల్ల ఐదు నిమిషాలు ఆలస్యమైంది. వరండాలో బిశ్వాస్ మేడమ్ ఎదురైంది. వాచీ చూపించింది.

"ఇది వచ్చే టైమా? జీతం తీసుకోవడం లేదా? పిల్లలు అల్లరి చేస్తున్నారు, వినబడడం లేదా? కల్ సే లేట్ ఆయీ తో దేఖ్నా!"

పిల్లలందరి ముందూ చీవాట్లు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి జిలేబీ వల్ల కాదు. ఏడాదిగా నన్నెవరూ ఒక్క మాట అనలేదండీ! పోబోయే మనిషిని ఎవరు తిడతారు? ఆ వరండాలో, ఆ తిట్ల మధ్య, నేను మామూలు మనిషినైపోయాను. ఏ స్కానూ నాకంత ధైర్యం ఇవ్వలేదు. క్లాసులోకి వెళ్ళి మొదటి బెంచీ వాణ్ని లేపి ఉత్పలమాల గణాలు అడిగాను. వాడు నీళ్ళు నమిలాడు. వాణ్ని కడుపారా తిట్టాను. ఆహా, ఎంత హాయి!

కాబట్టి ఇంతదాకా నవ్విన మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి పావు పొట్ట మీద పెట్టుకుని శపథం చేస్తున్నాను: ఈ శరీరంలో ప్రాణం ఉన్నంతవరకు జిలేబీలు తిని ప్రసంగం చెయ్యను, చెయ్యను, చెయ్యను. ప్రసంగం చేసి, మైకు ఆపి, అది ఆగిందని ఇద్దరు సాక్షుల చేత చూపించుకున్నాకే తింటాను.